థాయ్‌లాండ్‌లో ఫ్లాట్ కొనడం, ఉండడం, అద్దెకివ్వడం: గంజాం, గజపతి, రాయగడ తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఉంటూ, ఇక్కడే ఆదాయపు పన్ను కడుతూ, థాయ్‌లాండ్‌లో సొంతంగా ఒక ఫ్లాట్ ఉంటే బాగుండునని ఆలోచిస్తున్నవారి కోసం ఈ జవాబులు. ఫ్లాట్ ఎలా ఉందన్నదానికంటే, డబ్బు ఏ దారిన వెళ్ళింది, ఆ దారికి కాగితం ఉందా అన్నదే ఈ కొనుగోలులో పెద్ద విషయం. అందుకే డబ్బు పంపే ప్రశ్నల దగ్గర ఎక్కువసేపు ఆగాం.

అక్కడ స్థలం కొని ఇల్లు కట్టుకోవచ్చా?

స్థలం కొనలేరు. 1954 నాటి థాయ్ భూమి చట్టం ప్రకారం విదేశీయుడి పేర భూమి రిజిస్టర్ కాదు. 4 కోట్ల భాట్ నిర్ణీత పద్ధతిలో పెట్టుబడి పెట్టినవారికి మంత్రి అనుమతితో 1 రాయ్ వరకు ఇచ్చే మినహాయింపు ఒకటి ఉంది కానీ, అది మామూలు కుటుంబానికి అందేది కాదు. 1 రాయ్ అంటే 1,600 చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు 39 సెంట్లన్నర.

మీ పేర పూర్తి హక్కుతో రిజిస్టర్ అయ్యేది కాండోమినియం ఫ్లాట్ మాత్రమే. అక్కడ అందరూ కాండో అంటారు. 1979 నాటి కాండోమినియం చట్టం కింద రిజిస్టర్ అయిన భవనమై ఉండాలి. చూడడానికి అచ్చం కాండోలాగే ఉండి, ఆ చట్టం కింద రిజిస్టర్ కాని అపార్ట్‌మెంట్లు కూడా ఉంటాయి. వాటిలో మీకు దొరికేది లీజు మాత్రమే. బ్రోచర్ చూసి తేడా పట్టుకోలేరు, ఫ్లాటు పత్రం చూడాల్సిందే.

49 శాతం అని ఏదో లెక్క ఉందంటారు, అదేంటి?

ఒక కాండో భవనంలో మొత్తం ఫ్లాట్ల విస్తీర్ణంలో 49 శాతానికి మించి విదేశీయుల పేర ఉండకూడదు. లెక్క ఫ్లాట్ల సంఖ్య మీద కాదు, విస్తీర్ణం మీద. పర్యాటకులు ఎక్కువగా వచ్చే ఊళ్ళలో ఈ వాటా ముందే నిండిపోయి ఉండొచ్చు. అప్పుడు థాయ్ వాటాలో ఉన్న ఫ్లాటును కాస్త తక్కువ ధరకు మీకు చూపిస్తారు. అడ్వాన్సు ఇచ్చాక, భూమి కార్యాలయానికి వెళ్ళాక గాని అది మీ పేర మారదని తెలియదు. కాబట్టి అడ్వాన్సు ఇవ్వకముందే భవన నిర్వహణ సంస్థ నుంచి విదేశీ వాటాలో చోటు ఉందన్న లేఖ రాతపూర్వకంగా తెప్పించుకోండి.

థాయ్ స్నేహితుడి పేర గాని, అక్కడ కంపెనీ పెట్టి దాని పేర గాని భూమి కొంటే?

వద్దు. రాయగడ, కోరాపుట్టు వైపువాళ్ళకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. గిరిజనుల భూమి గిరిజనేతరులకు చెల్లకుండా 1956 నాటి రెండో రెగ్యులేషన్ ఇక్కడ ఉంది కదా, దాన్ని దాటడానికి ఇంట్లో పనిచేసే మనిషి పేర బినామీగా కొన్నవాళ్ళ గతి ఏమైందో చుట్టుపక్కల చూసే ఉంటారు. అక్కడా అదే కథ. పేరుకు థాయ్ వాటాదారులను పెట్టి, డబ్బంతా విదేశీయుడిదైతే, దాన్ని నామినీ కంపెనీ అంటారు. విదేశీ వ్యాపార చట్టం కింద 3 ఏళ్ళ వరకు జైలు, 1 లక్ష నుంచి 10 లక్షల భాట్ వరకు జరిమానా ఉన్నాయి. భూమిని గడువులోగా అమ్మేయమని ఆదేశిస్తారు. మీ పేర కాగితం లేని ఆస్తి కోసం కోర్టులో మీరు నిలబడలేరు.

"30+30+30, మొత్తం 90 ఏళ్ళ లీజు" అని ప్రకటనల్లో ఉంటుంది. నిజమేనా?

మొదటి 30 ఏళ్ళే గట్టివి. థాయ్ పౌర చట్టం ఒక లీజుకు 30 ఏళ్ళ హద్దు పెట్టింది. తర్వాతి 30, ఆపైన 30 అన్నది ఇప్పటి యజమాని మీకిచ్చే మాట మాత్రమే. ఆయన భూమి అమ్మేసినా, కాలం చేసినా, కొత్తవాళ్ళు ఆ మాటకు కట్టుబడతారన్న భరోసా లేదు. ఇంకో సంగతి, 3 ఏళ్ళకు మించిన లీజును భూమి కార్యాలయంలో రిజిస్టర్ చేయించకపోతే 3 ఏళ్ళకే చెల్లుతుంది. రిజిస్ట్రేషన్‌కు మొత్తం అద్దె మీద 1 శాతం ఫీజు, 0.1 శాతం స్టాంపు. లీజు తీసుకుంటే 30 ఏళ్ళకే లెక్క వేసుకుని ధర మాట్లాడండి. 90 ఏళ్ళ ధర ఇవ్వకండి.

ఇక్కడి నుంచి ఎంత డబ్బు పంపొచ్చు?

భారత నివాసి ఎవరైనా రిజర్వ్ బ్యాంకు సరళీకృత చెల్లింపుల పథకం కింద ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 అమెరికన్ డాలర్ల వరకు పంపొచ్చు. బ్యాంకువాళ్ళు దీన్ని ఎల్ఆర్ఎస్ అంటారు. పాన్ తప్పనిసరి. చదువుకు, వైద్యానికి, యాత్రకు పంపినదీ ఈ హద్దులోకే వస్తుంది.

భార్యాభర్తలు, పిల్లలు కలిపి కూడా పంపొచ్చు. కానీ డబ్బు పంపిన ప్రతి ఒక్కరూ ఆ ఆస్తిలో ఉమ్మడి యజమానిగా ఉండాలి. బావమరిది పరిమితి వాడుకుని ఫ్లాటు మాత్రం మీ ఒక్కరి పేర రాయించుకోవడం కుదరదు.

పంపిన డబ్బు వాడకుండా ఉంటే 180 రోజుల్లోగా వెనక్కి తెప్పించాలి. బేరం కుదరక ముందే డాలర్లు పంపి అక్కడ పెట్టుకుని ఎదురుచూసేవారు ఈ లెక్క మరిచిపోతుంటారు.

20 శాతం పన్ను పట్టుకుంటారట. ఆ డబ్బు పోయినట్లేనా?

పోదు, కానీ ఇరుక్కుంటుంది. దాన్ని టీసీఎస్ అంటారు. 2025 ఏప్రిల్ 1 నుంచి ఒక మనిషికి ఏడాదికి 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద, ఆస్తి కొనుగోలు వంటివాటికి, 20 శాతం బ్యాంకు వసూలు చేస్తుంది.

80 లక్షలు పంపాలనుకోండి. 10 లక్షలు తీసేస్తే 70 లక్షల మీద 20 శాతం, అంటే 14 లక్షలు. మీ ఖాతాలో 80 కాదు, 94 లక్షలు ఉండాలి. మారకం ఖర్చు, దాని మీద జీఎస్టీ వేరు. అదే 80 లక్షలను భార్యాభర్తలు చెరి 40 పంపితే ఒక్కొక్కరికి 6 లక్షలు, మొత్తం 12. సగం మార్చిలో, సగం ఏప్రిల్లో పంపితే 10 లక్షల మినహాయింపు రెండో ఏడాదికి మళ్ళీ వస్తుంది. కాకపోతే దాని కోసం అక్కడి ఒప్పందం గడువు దాటించుకోవద్దు. అడ్వాన్సు పోయిందంటే ఈ మిగులుకు ఎన్నో రెట్లు పోతుంది.

ఈ టీసీఎస్ ఆదాయపు పన్ను శాఖ దగ్గర మీ పాన్ మీద ఉండే పన్ను జమల పట్టికలో (26ఏఎస్) కనిపిస్తుంది. రిటర్ను వేసేటప్పుడు పన్నులో సర్దుబాటు అవుతుంది, మిగిలితే తిరిగి వస్తుంది. ముందస్తు పన్ను కట్టే వ్యాపారులు ఆ మేరకు వాయిదా తగ్గించుకోవచ్చు. 2024 అక్టోబరు నుంచి ఉద్యోగులు యజమానికి చెప్పి జీతం మీద కోసే టీడీఎస్‌లో సర్దుబాటు చేయించుకునే వీలు కూడా వచ్చింది.

బ్యాంకులో సరిగ్గా ఏం చేయాలి? ఎక్కడ తప్పు జరుగుతుంది?

అన్నిటికంటే ముఖ్యమైన జవాబు ఇదే, నిదానంగా చదవండి.

చిన్న ఊళ్ళలోని శాఖలు విదేశీ చెల్లింపులు స్వయంగా చేయవు, కాగితాలు తీసుకుని పెద్ద శాఖకు పంపుతాయి. అందుకని అడ్వాన్సు గడువుకు ముందే, కనీసం నెల రోజులు చేతిలో ఉంచుకుని వెళ్ళండి. ఆస్తి కొనుగోలుకు పంపేవారికి ఆ బ్యాంకులో ఏడాది పాత ఖాతా ఉండాలి. కొత్త ఖాతా అయితే పాత బ్యాంకు ఏడాది స్టేట్‌మెంటు గాని, ఆదాయపు పన్ను రిటర్ను గాని అడుగుతారు. దరఖాస్తు పేరు ఫారం ఏ2. అందులో ఉద్దేశం గడిలో విదేశీ స్థిరాస్తి కోడ్ ఎస్ 0005 పడాలి. గుమస్తా తొందరలో "కుటుంబ పోషణ" అనో, "బహుమతి" అనో వేస్తే డబ్బు వెళ్తుంది, కానీ కాగితం అబద్ధమవుతుంది.

రూపాయలను ఇక్కడ భాట్‌గా మార్చొద్దు. డాలర్లు గాని, మరేదైనా విదేశీ కరెన్సీ గాని థాయ్ బ్యాంకుకు చేరి, అక్కడ భాట్‌గా మారాలి. ఎందుకంటే, విదేశీ కరెన్సీ దేశంలోకి వచ్చి కాండో కొనుగోలుకు మారిందని అక్కడి బ్యాంకు ఇచ్చే పత్రం లేకపోతే భూమి కార్యాలయం మీ పేర ఫ్లాటు రాయదు. 50,000 డాలర్లు, ఆపైన వస్తే ఆ పత్రాన్ని విదేశీ మారక లావాదేవీ ఫారం అంటారు, వాడుకలో ఎఫ్ఈటీ. అంతకంటే తక్కువైతే డబ్బు జమ అయినట్టు బ్యాంకు లేఖ ఇస్తుంది. ఇక్కడ భాట్‌గా మార్చి పంపితే ఆ పత్రం రాదు.

సందేశం గడిలో ఫలానా కాండోలో ఫలానా నంబరు ఫ్లాటు కొనుగోలుకు అని ఇంగ్లీషులో స్పష్టంగా రాయించండి. పంపినవారి పేరు, కొనేవారి పేరు, పాస్‌పోర్టు పేరు ఒక్కటిగా ఉండాలి. మనవాళ్ళకు ఇక్కడే చిక్కు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకు ఖాతాలో ఒక్క పొడి అక్షరమే ఉంటుంది, పాన్‌లో ఇంటిపేరు చివరికి పోయి ఉంటుంది. ఒడియా బడిలో చదివినవారికి స్పెల్లింగు ఇంకోలా ఉంటుంది. థాయ్ గుమస్తాకు వీళ్ళందరూ వేర్వేరు మనుషులే. డబ్బు పంపకముందే బ్యాంకు ఖాతా పేరును పాస్‌పోర్టుకు తగ్గట్టు మార్పించుకోవడం ఒక్క వారం పని. పంపాక సరిచేయడం నెలల పని.

వాయిదాల్లో పంపితే ప్రతి వాయిదాకు విడిగా ఆ పత్రం అడిగి తీసుకోండి. బిల్డరు ఖాతాకు నేరుగా పంపితే పత్రం బిల్డరు బ్యాంకు ఇస్తుంది, మీ పేర ఇప్పించమని బిల్డరును ముందే ఒప్పించుకోవాలి. అసలు ప్రతులు ఇంట్లో భద్రంగా ఉంచండి. రేపు అమ్మి డబ్బు వెనక్కి తేవాలన్నా అవే కావాలి.

అక్కడ తెలిసినవాళ్ళు భాట్ ఇస్తారు, మనం ఇక్కడ రూపాయలు ఇస్తే సరిపోదా?

అది హవాలా. విదేశీ మారక నిర్వహణ చట్టం (ఫెమా) ప్రకారం అది ఉల్లంఘన. పైగా పైన చెప్పిన ఎఫ్ఈటీ రాదు కాబట్టి ఫ్లాటు మీ పేర రిజిస్టర్ కాదు. ఇక్కడ ప్లాటు అమ్మినప్పుడు కొంత చెక్కుగా, కొంత నగదుగా తీసుకున్నవారు నగదు భాగాన్ని ఈ కొనుగోలుకు వాడుకోలేరు. అంతర్జాతీయ క్రెడిట్ కార్డు గీకి అడ్వాన్సు కట్టడమూ తప్పే. స్థిరాస్తి కొనుగోలు మూలధన లావాదేవీ, దానికి దారి బ్యాంకు ద్వారా ఏ2 ఒక్కటే.

బ్యాంకు లోను దొరుకుతుందా?

ఇక్కడి బ్యాంకులు ఎల్ఆర్ఎస్ కింద మూలధన చెల్లింపులకు అప్పు ఇవ్వకూడదు. థాయ్ బ్యాంకుల్లో అక్కడ ఉద్యోగం, నివాస అనుమతి లేని విదేశీయుడికి అప్పు దొరకడం కష్టం. సొంత డబ్బు మొత్తం చేతిలో ఉంటేనే అడుగు వేయండి. వాయిదాల పథకం చూసి, రాబోయే ఆదాయాన్ని నమ్ముకుని సంతకం పెట్టకండి.

ఇక్కడి ఇల్లు, ప్లాటు అమ్మి అక్కడ కొంటే మూలధన లాభం పన్ను తప్పుతుందా?

తప్పదు. ఇల్లు అమ్మి ఇల్లు కొంటే, స్థలం లాంటివి అమ్మి ఇల్లు కొంటే వచ్చే మినహాయింపులు (1961 చట్టంలో 54, 54ఎఫ్ సెక్షన్లు) భారత్‌లో కొన్న ఇంటికే వర్తిస్తాయి. 2014 బడ్జెట్‌లో చట్టాన్ని ఆ మేరకు సవరించారు. గోపాల్‌పూర్ రోడ్డులో ప్లాటు అమ్మి పుకెట్‌లో కొనేవారు ముందు ఇక్కడి పన్ను తీసి పక్కన పెట్టుకోవాలి, తర్వాత టీసీఎస్ లెక్క. ఈ రెండూ కలిపి చూసుకోక మధ్యలో డబ్బు చాలక ఆగిపోతారు.

మా అబ్బాయి గల్ఫ్‌లో ఉన్నాడు. వాడి పేర కొంటే?

ప్రవాసిగా ఉన్నవారు అక్కడి సంపాదనతో కొంటే ఎల్ఆర్ఎస్ హద్దు గాని, టీసీఎస్ గాని లేవు. రేపు ఇంటికి తిరిగొచ్చి నివాసి అయినా, బయట ఉన్నప్పుడు కొన్న ఆస్తిని ఉంచుకోవడానికి ఫెమాలో 6(4) సెక్షన్ వీలిస్తుంది. జీతం స్లిప్పులు, అక్కడి బ్యాంకు స్టేట్‌మెంట్లు దాచమనండి. ఇక్కడి తండ్రి డబ్బు పంపి కొడుకు పేర కొనిపించడం మాత్రం వేరే లెక్క. ఆ డబ్బు మీ పరిమితిలోకే వస్తుంది.

కడుతున్న భవనంలో తక్కువ ధరకు ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

జాగ్రత్త. మన దగ్గర స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) ప్రకారం కొనుగోలుదారుల డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉంచి ఆ భవనానికే ఖర్చుపెట్టాలి. ఒడిశా రెరాలో ప్రాజెక్టు నంబరు కొట్టి చూసుకోవచ్చు. అక్కడ 2008లో ఎస్క్రో చట్టం (కొనేవారి డబ్బును మధ్యవర్తి దగ్గర ఉంచే పద్ధతి) వచ్చింది కానీ అది తప్పనిసరి కాదు, ఇద్దరూ ఒప్పుకుంటేనే. బిల్డరు మధ్యలో ఆపేస్తే మీ వాయిదాలు ఇరుక్కుంటాయి.

తప్పదనుకుంటే మూడు కాగితాలు అడగండి. మొదటిది, స్థలం బిల్డరు పేర ఉన్నట్టు ఛనోట్, అంటే భూమి హక్కు పత్రం. రెండోది కట్టడం అనుమతి. మూడోది, 80 గదులు గాని 4,000 చదరపు మీటర్లు గాని, ఆపైన ఉన్న భవనమైతే పర్యావరణ ప్రభావ నివేదికకు ఆమోదం. ఈ మూడోది రాకముందే అమ్మకాలు మొదలుపెట్టే బిల్డర్లు ఉంటారు. ఆమోదం రాకపోతే పునాదే పడదు. ఒప్పందం ప్రభుత్వ నమూనాలో ఉండాలి, దాన్ని ఓర్ ఛోర్ 22 అంటారు. ఆ నమూనాకు విరుద్ధంగా కొనుగోలుదారుకు నష్టం చేసే షరతు చెల్లదు. మా మాటైతే, మొదటిసారి కొనేవారు కట్టి, రిజిస్టరై, మనుషులు కాపురముంటున్న భవనంలోనే కొనడం మేలు.

రిజిస్ట్రేషన్ రోజు ఏం చూసుకోవాలి?

ఫ్లాటు పత్రం పేరు ఓర్ ఛోర్ 2. పైన గరుడ ముద్ర ఉంటుంది. ముందువైపు ఫ్లాటు నంబరు, అంతస్తు, విస్తీర్ణం, ఉమ్మడి ఆస్తిలో మీ వాటా. వెనక్కి తిప్పండి, మన ఈసీ అక్కడే ఉంటుంది. ఎవరి నుంచి ఎవరికి మారింది, తాకట్టు ఉందా, విడిపించారా అన్నది వరుసగా రాసి ఉంటుంది. అంతా థాయ్ లిపి. మీ సొంత న్యాయవాది పక్కన ఉండి చదివి చెప్పాలి. అమ్మేవారి న్యాయవాది చదివితే చాలదు.

తేదీలు చూసి కంగారు పడకండి. 2568 అని ఉంటే బౌద్ధ శకం, 543 తీసేస్తే 2025. విస్తీర్ణం చదరపు మీటర్లలో ఉంటుంది. 35 చదరపు మీటర్లంటే దాదాపు 377 చదరపు అడుగులు, అంతే. ఫొటోల్లో వెడల్పు లెన్సుతో పెద్దగా కనిపిస్తుంది.

పాత ఫ్లాటైతే భవన నిర్వహణ సంస్థ నుంచి బాకీ లేదన్న కొత్త లేఖ లేకుండా బదిలీ జరగదు. మీరు వెళ్ళలేకపోతే పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వొచ్చు. కాండోకు భూమి కార్యాలయం వారి ఓర్ ఛోర్ 21 ఫారమే వాడాలి, భూమికి వాడే ఫారం వేరు. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టి ఏజెంటు చేతికివ్వడం ఎంత నమ్మకస్తుడైనా వద్దు.

ధర కాకుండా ఇంకేం ఖర్చులుంటాయి?

బదిలీ ఫీజు ప్రభుత్వ మదింపు విలువ మీద 2 శాతం. మన బెంచ్‌మార్క్ విలువ లాంటిదే అది. మదింపు 30 లక్షల భాట్ అయితే 60,000. సాధారణంగా ఇద్దరూ సగం సగం పెట్టుకుంటారు, ఒప్పందంలో రాసి ఉండాలి. అమ్మేవారు కొని 5 ఏళ్ళు కాకపోతే 3.3 శాతం ప్రత్యేక వ్యాపార పన్ను, 5 ఏళ్ళు దాటితే 0.5 శాతం స్టాంపు. ఇవి అమ్మేవారివి. "అన్ని పన్నులూ కొనేవారివే" అన్న ఒక్క వాక్యం ఒప్పందంలో దూరిందంటే ఆ 30 లక్షల మీద 3.3 శాతం, అంటే 99,000 భాట్ మీ నెత్తిన పడుతుంది.

ఆ తర్వాత నిర్వహణ రుసుము. చదరపు మీటరుకు నెలకు 50 భాట్ అనుకుంటే 35 మీటర్లకు ఏడాదికి 21,000, మీరు ఉన్నా లేకున్నా. కొత్త భవనంలో ఒకేసారి కట్టే మూలనిధి వేరు. 2020 నుంచి భూమి, భవనాల పన్ను కూడా వచ్చింది.

ఫ్లాటు కొంటే వీసా వస్తుందా?

రాదు. ఫ్లాటు వేరు, నివాస అనుమతి వేరు. 50 ఏళ్ళు దాటినవారు థాయ్ బ్యాంకులో 8 లక్షల భాట్ ఉంచి గాని, నెలకు 65,000 భాట్ ఆదాయం చూపి గాని విశ్రాంత వీసాకు ప్రయత్నించవచ్చు. ఆ వీసా మీద ఏ పనీ చేయకూడదు. ఎక్కువ కాలం ఉండేవారు 90 రోజులకోసారి తాము ఉన్న చిరునామా తెలపాలి, ఆ ఫారం టీఎం 47. విదేశీయుడు ఇంట్లో దిగిన 24 గంటల్లో ఇంటి యజమాని టీఎం 30 ఇవ్వాలి. మీ ఫ్లాటు అయినా, అద్దెకిచ్చినా ఆ బాధ్యత మీదే.

ఒక క్యాలెండరు ఏడాదిలో 180 రోజులు, ఆపైన అక్కడుంటే అక్కడి పన్ను నివాసి అవుతారు. 2024 జనవరి 1 తర్వాత సంపాదించిన విదేశీ ఆదాయాన్ని ఆ దేశానికి తెచ్చుకుంటే పన్ను లెక్కలోకి వస్తుంది. రోజులు పాస్‌పోర్టు ముద్రలతో లెక్కబెట్టుకోండి.

రోజువారీ అద్దెకిచ్చి బాగా సంపాదించవచ్చంటారు?

30 రోజులకు తక్కువ అద్దె 2004 నాటి హోటల్ చట్టం కిందికి వస్తుంది. కాండోలో ఒక ఫ్లాటుకు ఆ లైసెన్సు రాదనే అనుకోండి. చాలా భవనాల నియమావళే దాన్ని నిషేధిస్తుంది, పక్కవాళ్ళు ఫిర్యాదు చేస్తారు. నెలల లెక్కన, ఏడాది లెక్కన ఇచ్చేదే మీ ఆదాయం అనుకుని లెక్క కట్టండి. ఏడాదిలో రెండు నెలలు ఖాళీ, ఏజెంటుకు ఒక నెల అద్దె, నిర్వహణ రుసుము, ఏసీ మరమ్మతు తీసేశాక మిగిలేదే అసలు రాబడి.

"ఏటా ఇంత శాతం అద్దె గ్యారంటీ" అన్నచోట ధర చూడండి. పక్క భవనంలో అదే విస్తీర్ణం ఎంతకుందో అడగండి. తేడా ఉంటే, ఆ గ్యారంటీ అద్దె మీరు ముందే కట్టిన డబ్బే మీకు వాయిదాల్లో తిరిగొస్తోందన్నమాట.

అద్దె మీద థాయ్‌లో రిటర్ను వేయాలి. జనవరి నుంచి జూన్ వరకు వచ్చినదానికి సెప్టెంబరులోగా, ఏడాది మొత్తానికి మరుసటి మార్చిలోగా.

ఇక్కడి రిటర్నులో ఏం చూపాలి?

విదేశీ ఆస్తి ఉన్న నివాసి ఐటీఆర్-1 వేయకూడదు. ఐటీఆర్-2, వ్యాపారం ఉంటే ఐటీఆర్-3. అందులో విదేశీ ఆస్తుల పట్టిక అయిన షెడ్యూల్ ఎఫ్ఏలో ఫ్లాటు చిరునామా, కొన్న తేదీ, పెట్టిన మొత్తం రాయాలి. ఇది క్యాలెండరు ఏడాది లెక్క, ఏప్రిల్–మార్చి కాదు. ఫ్లాటు ఖాళీగా ఉన్నా, అద్దె ఒక్క పైసా రాకున్నా చూపాలి. అక్కడి బ్యాంకు ఖాతా కూడా.

చూపకపోతే 2015 నాటి నల్లధనం చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా. 2024 అక్టోబరు నుంచి 20 లక్షల లోపు విదేశీ ఆస్తులకు ఆ జరిమానా సడలించారు కానీ, స్థిరాస్తికి ఆ సడలింపు లేదు. బరంపురంలో ఏళ్ళుగా మీ లెక్కలు చూసే ఆడిటరు గారికి ఈ షెడ్యూల్ ఎప్పుడూ అవసరం పడి ఉండకపోవచ్చు. మీరే గుర్తుచేయండి.

అద్దె మీద అక్కడ కట్టిన పన్నుకు, రెండు దేశాల ఒప్పందం ప్రకారం ఇక్కడ తగ్గింపు వస్తుంది. కట్టిన రసీదులు ఉండాలి.

ఏడాదిలో ఎక్కువ రోజులు తాళం వేసి ఉంచితే ఏమవుతుంది?

గోపాల్‌పూర్ దగ్గర ఇల్లున్నవారికి సగం తెలుసు. ఉప్పుగాలికి ఫ్యాను బేరింగు, కిటికీ స్క్రూలు, ఏసీ బయటి యూనిట్ రేకు తుప్పు పడతాయి. అక్కడ దానికి తోడు బూజు. మూసిన అల్మరా వెనక పలకకు, పరుపు అడుగున, తోలు చెప్పులకు ముందు పడుతుంది. వెళ్ళేటప్పుడు అల్మరా తలుపులు, ఫ్రిజ్ తలుపు తెరిచే ఉంచండి. పరుపు గోడకు నిలబెట్టండి.

బాత్రూములో నేల జాలీ కింద వంపు గొట్టంలో నీళ్ళు నిలిచి ఉంటాయి, అవే మురుగు వాసనను, బొద్దింకలను ఆపుతాయి. వాడకపోతే వారాల్లో ఆ నీళ్ళు ఆరిపోతాయి. బయల్దేరే రోజు ఒక చెంబు నీళ్ళు పోసి, పైన రెండు చెంచాల వంటనూనె వేస్తే నూనె పొర నీటిని త్వరగా ఆరనివ్వదు. పదిహేను రోజులకోసారి ఎవరైనా వచ్చి కిటికీలు తీసి, కుళాయిలు వదిలి, ఏసీ ఓ గంట డ్రై మోడ్‌లో నడిపేలా మాట్లాడుకోండి. ఏసీ నీటిగొట్టం పూడుకుపోతే నీళ్ళు గోడలోకి దిగి కింది ఫ్లాటు పైకప్పుకు మరక పడుతుంది. ఆ ఖర్చు మీదే.

ఏ వైపు కొనడం మంచిది? వానలెప్పుడు?

పుకెట్ వైపు వానలు మే నుంచి అక్టోబరు. సముయ్ దీవి వైపు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు, మనకు తుఫాన్లు వచ్చే కాలమే. 2013 అక్టోబరులో ఫైలిన్, 2018 అక్టోబరులో తిత్లీ చూసినవారు ఫ్లాటును వానల్లోనే ఒకసారి చూసి రండి. ఎండాకాలంలో ప్రతి గోడా పొడిగానే ఉంటుంది. చియాంగ్ మాయ్ వైపు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొగ, ఉబ్బసం ఉన్నవారికి పడదు. బ్యాంకాక్ పరిసరాలు 2011లో మునిగాయి, కింది అంతస్తు, కారు నిలిపే చోటు ఎత్తు అడగండి. 2025 మార్చి 28న మయన్మార్ భూకంపం బ్యాంకాక్ ఎత్తైన భవనాలను ఊపింది. ఆ తర్వాత ఇంజనీర్లు ఇచ్చిన తనిఖీ నివేదిక భవనం దగ్గర ఉందా అని అడగడం మీ హక్కు.

మన ప్లగ్గులు, తిండి?

కరెంటు మనలాగే 50 హెర్ట్‌జ్, 220–230 వోల్టులు. మన మూడు లావు గుండ్రటి పిన్నుల ప్లగ్గు దూరదు, గ్రైండరుకు అడాప్టరు పట్టుకెళ్ళండి. కూరల్లో చేప సాస్ ఉంటుంది. శాకాహారులు "జే" అని అడిగితే మాంసం, చేప, గుడ్డే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా లేకుండా వండుతారు.

అమ్మితే డబ్బు ఎలా వెనక్కి వస్తుంది?

కొన్నప్పటి ఎఫ్ఈటీ అసలు ప్రతులు, అమ్మిన పత్రం, పన్ను రసీదులు చూపితే థాయ్ బ్యాంకు పంపుతుంది. తిరిగి పెట్టుబడి పెట్టకపోతే 180 రోజుల్లోగా ఇక్కడికి రావాలి. 24 నెలలు దాటి ఉంచుకున్నదైతే లాభం మీద ఇక్కడ 12.5 శాతం పన్ను, అక్కడ కట్టినదానికి తగ్గింపు పోను.

మా తర్వాత పిల్లలకు వస్తుందా?

వస్తుంది, కానీ దారి పొడవు. ఇద్దరి పేర ఉందంటే ఒకరు పోయాక రెండోవారికి దానంతటదే పోదు. పోయినవారి వాటా వారసత్వంలోకి వెళ్తుంది. థాయ్ కోర్టు ఆస్తి నిర్వాహకుణ్ణి నియమించాలి, ఆయన ద్వారానే బదిలీ. ఇక్కడ తహసీల్దారు ఇచ్చే వారసత్వ పత్రానికి థాయ్ అనువాదం, విదేశాంగ శాఖ ముద్ర, థాయ్ రాయబార కార్యాలయం ధ్రువీకరణ కావాలి. వారసుడు విదేశీయుడు కాబట్టి 60 రోజుల్లోగా తెలపాలి. విదేశీయులకు హక్కునిచ్చే షరతుల్లో ఏదీ తనకు వర్తించకపోతే ఏడాదిలోగా అమ్మేయాలి.

అందుకని ఆ ఫ్లాటు ఒక్కదానికే విడిగా థాయ్ భాషలో వీలునామా రాయించి, నిర్వాహకుడి పేరు అందులోనే పెట్టండి. అక్కడి జిల్లా కార్యాలయంలో నమోదు చేయించవచ్చు. ఇక్కడి ఆస్తుల వీలునామాలో "మిగతా అన్ని వీలునామాలూ రద్దు" అని అలవాటుగా రాసే వాక్యం ఉంటే దాన్ని మార్పించండి, లేకుంటే అక్కడ రాసినదీ దానితో పోతుంది. ఓర్ ఛోర్ 2, ఎఫ్ఈటీ పత్రాలు, ఈ వీలునామా, న్యాయవాది చిరునామా ఒకే సంచిలో పెట్టి, ఆ సంచి ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికైనా చెప్పి ఉంచండి.